సిక్ పాస్‌పోర్ట్

“కామెర్లని రాయించానమ్మా. నలుగురిలో చెప్పుకోదగ్గ జబ్బు,” అంటూ సత్యప్రసాద్ చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాయితం తీసి బల్ల మీద పెట్టాడు.

రామతులసి ఆ కాయితం వైపు చూడలేదు. ఆమె చూపంతా మూసి ఉన్న పడగ్గది తలుపు మీదే ఉంది. పొద్దుట తొమ్మిదింటి నుంచి వంటింటి గుమ్మంలో అలాగే నిలబడింది. పప్పు అడుగంటుతున్న వాసన వస్తున్నా కదల్లేదు.

“ఆయనకి కళ్ళు పచ్చబడ్డాయా బావగారూ?”

“తగ్గిపోయాయందాం.”

“ఎవరూ చూడకుండా వచ్చి, ఎవరూ చూడకుండా తగ్గిపోయాయన్నమాట.”

“మరేం రాయించమంటావు, నువ్వే చెప్పు. మనిషి గోడకేసి తిరిగి పడుకుంటున్నాడని రాయించనా? కంచం ముందు పెడితే అన్నం వంక చూసి ఏడుస్తున్నాడని రాయించనా?”

“అదే కదండీ నిజం.”

“నిజం రాస్తే ఏ వార్డుకి పంపిస్తారో తెలుసా నీకు?” సత్యప్రసాద్ గొంతు తగ్గించాడు. “ఆ ముక్క ఒక్కసారి సర్వీసు పుస్తకంలోకి ఎక్కిందంటే వాడు రిటైరయ్యేదాకా చెరగదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు తర్వాత హెడ్ కానిస్టేబుల్ ట్రైనింగు లిస్టులో పేరొచ్చింది. వచ్చే నెల వెళ్ళాలి. పిచ్చివాడికి ఎవరిస్తారమ్మా ప్రమోషను?”

అనేశాక ఆయనే తల దించుకున్నాడు. ఆ తలుపు పల్చటి చెక్క. లోపల మంచం కిర్రుమంది.

సత్యప్రసాద్ చెడ్డవాడు కాడు. పెనుగొండ దగ్గర ఏడెకరాల వరి చేస్తాడు. తమ్ముడంటే ప్రాణం. తుఫానుకి చేను పడిపోతే మొలలోతు నీళ్ళలో దిగి దుబ్బులు లేవనెత్తి కట్టగలడు గానీ, నలభై ఒక్కేళ్ళ తమ్ముడు పడిపోతే ఎక్కడ పట్టుకుని లేపాలో ఆయనకి తెలియలేదు. తెలియనివాళ్ళందరూ చేసే పనే ఆయనా చేశాడు. తెలిసిన ఆర్ఎంపీ ద్వారా తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్ళి కాయితం రాయించుకొచ్చాడు.

ఆ కాయితం చెల్లదని ఆయనకి చెప్పేవాళ్ళు లేరు. పోలీసు ఉద్యోగంలో జబ్బు పడటం కూడా అంత తేలిక కాదు. ఆఫీసు గుమాస్తా అయితే సెలవు చీటీ పంపి ముసుగు తన్నొచ్చు. కానిస్టేబుల్ మాత్రం తానే స్టేషనుకి వెళ్ళి, ఒంట్లో బాగాలేదని పై అధికారికి చెప్పి, సిక్ పాస్‌పోర్ట్ అనే కాయితం పుచ్చుకుని, దాంతో ప్రభుత్వాసుపత్రి డాక్టరు ముందు నిలబడాలి. ఆ డాక్టరు రాసిందే జబ్బు. మంచం దిగలేనివాడు మంచం దిగి వెళ్ళి, దిగలేకపోతున్నానని రుజువు చేసుకోవాలి.

ఆ తమ్ముడు, కానిస్టేబుల్ వెంకటరాజు, వెళ్ళలేదు. చెప్పాపెట్టకుండా మానేసినవాడికి ఇరవై ఒక్క రోజులు గడువు. అది దాటితే ‘డిజర్టర్’ అని, అంటే కొలువు వదిలి పారిపోయినవాడని ఆర్డరు వేస్తారు. స్టేషను లెక్కలో ఇవాళ ఇరవయ్యో రోజు.

ఇంటి లెక్కలో మాత్రం ఇరవై ఆరు. ఆ ఆరు రోజుల తేడాకి కారకుడైన పెద్దమనిషి మోటారుసైకిలు అప్పుడే గేటు ముందు ఆగింది.

జగన్నాథరావు స్టేషను రైటరు. రికార్డులన్నీ ఆయన చేతి రాతే. ఎవరు ఎక్కడ డ్యూటీ చేయాలో ఆయన రాస్తే ఎస్సై సంతకం పెడతాడు. పొట్ట మీద బెల్టు సర్దుకుంటూ లోపలికి వచ్చి, కుర్చీలో కూలబడి, “మంచినీళ్ళివ్వు చెల్లెమ్మా,” అన్నాడు.

రామతులసి గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఆయన గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

“జిల్లా ఆఫీసు నుంచి వెల్ఫేర్ ఎస్సై మేడమ్ వస్తన్నారు. ప్రిస్కిల్లా గారని. గంటలో ఇక్కడుంటారు.”

“ఎందుకంట?” అన్నాడు సత్యప్రసాద్.

“సిబ్బంది కష్టసుఖాలు చూడ్డానికంటండి. కొత్తగా పెట్టారు. ఎవడన్నా రెండు వారాలు దాటి రాకపోతే ఇంటికెళ్ళి చూడమని పైనుంచి ఆర్డరు.”

“పద్దెనిమిదేళ్ళ నుంచి ఎవరూ అడగలేదు కష్టసుఖాలు,” అంది రామతులసి.

“ఇప్పుడు అడుగుతారు. అందుకే పరిగెత్తుకొచ్చాను.” జగన్నాథరావు గ్లాసు కింద పెట్టి ఆమె వైపు చూశాడు. “ఆవిడ అడిగితే వాడు ఎప్పటి నుంచి రావటం లేదో జాగ్రత్తగా చెప్పాలమ్మా. మొదటి ఆరు రోజులూ నేను కోర్టు డ్యూటీ అని రాశాను. వాడు కోర్టుకి వెళ్ళొచ్చినట్టే రికార్డు. ఆ తర్వాత సీఐ గారు హాజరు పట్టీ చూడబట్టి ఇంక రాయలేకపోయాను. మీరు గనక ఇరవై ఆరు రోజులన్నారనుకో, ఆ ఆరు రోజులూ తప్పుడు రాత అని తేలిపోద్ది. నాకు ఇంకో ఐదు నెలలే సర్వీసు.”

“అంటే ఆయన జబ్బు ఎప్పుడు మొదలైందో కూడా మీ వీలు చూసుకుని చెప్పాలా అన్నయ్యగారూ?”

“అంత మాట అనకమ్మా.”

“ఏం రోజు మొదలైందో నాకు తెలుసు. మీకూ తెలుసు.”

జగన్నాథరావు మళ్ళీ బెల్టు సర్దుకున్నాడు. ఆమె మాత్రం ఆగలేదు. ఇరవై ఆరు రోజులుగా ఈ ఇంట్లో అందరూ గుసగుసలాడుతున్నారు. ఆమెకి గట్టిగా మాట్లాడాలని ఉంది.

“మూడు రోజులు ఇంటికి పంపలేదు ఆయన్ని. వీఐపీ బందోబస్తు అన్నారు. అది అవగానే ఇంటికి పంపాలా వద్దా? తెచ్చి రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. స్టేషన్లో ఇంకెవరూ లేరన్నారు. ఆ హారతి అనే పిల్ల వచ్చి, ఎవడో ఫోన్లు చేసి చంపేస్తున్నాడండీ అని ఏడిస్తే, నిద్రకళ్ళతో ఈ మనిషి ఏమన్నాడు? ఎస్సై గారు లేరమ్మా, రేపు రా అన్నాడు. అదే కదా మీ స్టేషన్లో అందరూ అనేది?”

“అదేనమ్మా.”

“ఆ పిల్ల రేపు రాలేదు. రెండో రోజుకి కాలవ లాకుల దగ్గర తేలింది. శవం దగ్గరికి ఎవరిని పంపారు?”

జగన్నాథరావు నేల వైపు చూశాడు.

“ఆయన్నే పంపారు. ఎప్పుడూ ఆయన్నే పంపుతారు. కాలవలో తేలినా, రైలు కింద పడినా, ఆస్పత్రిలో కోత అయ్యేదాకా పక్కన కూర్చోడానికి వెంకటరాజే. ఎందుకంటే కాదనడు గనక. ఆ పిల్లని బండిలోకి ఎత్తింది ఆయనే. ఇంటికొచ్చి నాతో ఒక్కటే మాటన్నాడు. చున్నీ కూడా మార్చుకోలేదు తులసీ, స్టేషనుకి వచ్చినప్పటిదే అన్నాడు. ఆ రోజు పడుకున్న మనిషి లేవలేదు.”

“ఆ డ్యూటీ రాసింది నేనే,” అన్నాడు జగన్నాథరావు మెల్లగా. “అందుకేనమ్మా ఆరు రోజులు తప్పు రాశాను. నాలుగు రోజులు పడుకుంటే సర్దుకుంటాడనుకున్నాను. మేమందరం అలాగే సర్దుకున్నాం.”

సత్యప్రసాద్‌కి ఇదంతా నచ్చలేదు. జరిగినదాన్ని తవ్వుకోవటం వల్ల ఒరిగేదేమీ లేదని ఆయన నమ్మకం. బల్ల మీది కాయితాన్ని రైటరు వైపు జరిపాడు.

“ఇదిగోనండి, ఇది చూపించండి. కామెర్లు. తేదీ మీకు ఎప్పటికి కావాలంటే అప్పటికి వేయిస్తాను.”

“ప్రైవేటుది చెల్లదండి. సరే, ఉండనివ్వండి. ఆవిడ అడిగితే చూపిద్దాం.”

రామతులసి ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. ఒకాయన పరువు కోసం అబద్ధం రాయించాడు. ఇంకొకాయన జాలితో అబద్ధం రాశాడు. ఇద్దరూ ఈ ఇంటి మేలు కోరేవాళ్ళే. అందుకే ఆమెకి ఎవరి మీద అరవాలో తెలియక ఏడుపొచ్చింది.

అంతలో పెరటి వైపు నుంచి హర్షిత పరిగెత్తుకొచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. చేతిలో తండ్రి యూనిఫాం చొక్కా ఉంది.

“అమ్మా, నాన్న లేచారు. గదిలోంచి పెరటి తలుపు తీసుకుని వెళ్ళి స్నానం చేస్తున్నారు. ఇస్త్రీ చేయమని చొక్కా ఇచ్చారు.”

“ఎవరిచ్చారు?” అంది రామతులసి.

“నాన్న, అమ్మా. నాన్నే. నాతో మాట్లాడారు కూడా.”

“ఏం మాట్లాడారు?”

“జనవరికి నీకు పద్దెనిమిది కదా అన్నారు. తర్వాత ద్వారబంధానికి ఆనుకుని నిలబడమని టేపు పెట్టి నా ఎత్తు కొలిచారు. నూట యాభై ఆరు సెంటీమీటర్లు. చాల్లే అని నవ్వారు. నవ్వారు పెదనాన్నా, నిజంగా.”

సత్యప్రసాద్ కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. రామతులసి కూతుర్ని దగ్గరికి లాక్కుని ఆ ఖాకీ చొక్కాలో మొహం పెట్టుకుంది. పిల్ల ఎత్తు తండ్రి కొలవటంలో ఆలోచించాల్సినదేముందని ఆ క్షణాన ఎవరూ అనుకోలేదు. ఇరవై ఆరు రోజుల తర్వాత మనిషి నవ్వాడంటే అంతకన్నా ఏం కావాలి.

“నేను మొన్న చెప్పిన మాట పనిచేసింది,” అన్నాడు జగన్నాథరావు తృప్తిగా.

“ఏం చెప్పారండి?”

“మొన్న మంచం పక్కన కూర్చుని గట్టిగానే చీవాట్లు పెట్టానండి. ఒరేయ్, డిజర్టర్ అనిపించుకుంటే నీతో పాటు నీ ఇల్లు కూడా పోద్ది, చిల్లి గవ్వ రాదు, అదే మన జయపాల్‌ని చూడు, డ్యూటీలో ఉండి పోయాడు, పోయినా కూతురికి ఉద్యోగం ఇచ్చారు, ఆ పిల్ల ఇప్పుడు మన పక్క స్టేషన్లో కానిస్టేబులు, ఆ ఇల్లు నిలబడింది, నువ్వు బతికుండి పిల్లని రోడ్డున పడేస్తావా అన్నాను. అంతే, వాడి మొహంలో కదలిక వచ్చింది.”

“మంచి మాట చెప్పారు,” అన్నాడు సత్యప్రసాద్.

రామతులసి వంటింట్లోకి పరిగెత్తి మాడిన పప్పు దించి, కొత్త గిన్నె పెట్టింది. గరిటె రెండుసార్లు జారవిడిచింది. అది సంతోషమనే అనుకుంది.

వెంకటరాజు గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, యూనిఫాం తొడుక్కుని ముందు గదిలోకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. బెల్టుకి కొత్త చిల్లు పొడిచినట్టున్నాడు. అందర్నీ ఒకసారి చూసి కుర్చీలో కూర్చున్నాడు.

“అన్నయ్యా, ఎప్పుడొచ్చావు?”

“పొద్దుటే వచ్చాన్రా. ఎలా ఉంది?”

“బాగుంది.”

“మేడమ్ వస్తన్నారంట. కామెర్లని చెబుదాం.”

“అలాగే.”

“ఆరు రోజుల సంగతి...” అన్నాడు జగన్నాథరావు.

“మీ పేరు రాదు లెండి రైటరు గారూ. మీరు రాసిన రోజుకే నాకు జ్వరం మొదలైందంటాను.”

దేనికీ అడ్డు చెప్పటం లేదు. రామతులసి కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. తిన్నాడు. పెరుగు వేయమన్నాడు. ఆమె పక్కనే నిలబడి, “ఏవండీ, ఆ పిల్ల సంగతి మేడమ్‌తో ఒకసారి చెప్పుకోండి. మనసు తేలికపడుతుంది,” అంది.

వెంకటరాజు చెయ్యి కంచంలో ఆగింది.

“ఏ పిల్ల?” అన్నాడు.

అతను మళ్ళీ తినటం మొదలుపెట్టాడు. సత్యప్రసాద్ ఆమెకి ఇంక ఊరుకోమని సైగ చేశాడు.

ప్రిస్కిల్లా జీపులో రాలేదు. స్కూటీ మీద వచ్చింది. ముప్ఫై రెండేళ్ళుంటాయి. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. లేచి సెల్యూట్ చేసిన వెంకటరాజుతో, “కూర్చోండి వెంకటరాజు గారూ,” అంది.

అతను కూర్చోలేదు. సర్వీసంతా అతన్ని నంబరుతోనే పిలిచారు. కాస్త దగ్గరివాళ్ళు ఒరేయ్ అన్నారు. ఒక ఎస్సై నోట తన పేరు పక్కన ఆ గారు వినేసరికి ఎక్కడ చూడాలో తెలియక గోడ గడియారం వైపు చూశాడు.

“కూర్చోండి. నేను మందలించడానికి రాలేదు.”

“కామెర్లండి మేడమ్,” అన్నాడు సత్యప్రసాద్, ఎవరూ అడగకముందే. “మా తమ్ముడికి. పచ్చ కామెర్లు. మందేయించాం. పత్యం కూడా పెట్టాం.”

“ఎప్పుడొచ్చాయి?”

“ఇరవై రోజుల కిందటండి,” అన్నాడు జగన్నాథరావు.

ప్రిస్కిల్లా కాయితం అందుకుని చదివి, మడత పెట్టి, బల్ల మీద పెట్టేసింది. ఆవిడ నమ్మిందో లేదో మొహం చూస్తే తెలియటం లేదు.

“చూడండి వెంకటరాజు గారూ. జిల్లా అంతా తిరగడానికి నేనొక్కదాన్ని. మీలాంటి ఇళ్ళు ఈ నెలలో ఇది పదకొండోది. ప్రతి ఇంట్లోనూ కామెర్లో నడుం నొప్పో చెబుతున్నారు. సరే, వింటున్నాను. నా దగ్గర ఒక డాక్టరమ్మ ఉంది. ప్రభుత్వాసుపత్రే. మనసు సంగతులు చూస్తుంది. మీరు ఆవిడ దగ్గరికి వెళ్తానంటే ఇక్కడే సిక్ పాస్‌పోర్ట్ రాసిస్తాను. మీరు స్టేషనుకి రానక్కర్లేదు. ఇవాళ తేదీతో మీ గైర్హాజరు ఆగిపోతుంది. డిజర్షన్ ఉండదు.”

“ట్రైనింగో మేడమ్?” అన్నాడు సత్యప్రసాద్. “హెడ్ కానిస్టేబుల్ లిస్టులో పేరుంది.”

ప్రిస్కిల్లా టోపీని ఒళ్ళో సర్దుకుంది. “ఈ బ్యాచ్‌కి పంపరు. తర్వాత బ్యాచ్‌కి పంపించడానికి నేను రాస్తాను. పంపుతారని మాట ఇవ్వలేను.”

“అదేనండి మరి,” అన్నాడు సత్యప్రసాద్, ఇంకేం కావాలన్నట్టు.

“రెండో దారి, ఇవాళే డ్యూటీలో చేరొచ్చు. మీ ఇష్టం. ఏం చేద్దామంటారు?”

“చేరిపోతాను మేడమ్,” అన్నాడు వెంకటరాజు.

హర్షిత అందరికీ టీ తెచ్చింది. ప్రిస్కిల్లా గ్లాసు తీసుకుంటూ ఆ పిల్ల వైపు చూసి నవ్వింది.

“ఏం చదువుతున్నావమ్మా? మంచి ఎత్తున్నావు. మా డిపార్ట్‌మెంటుకి వచ్చేయ్. ఆడపిల్లలకి నూట యాభై రెండున్నర సెంటీమీటర్లుంటే చాలు.”

“నాన్న కూడా పొద్దున చాలన్నారండి,” అంది హర్షిత నవ్వుతూ, ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.

రామతులసి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. చాలు. దేనికి చాలు? ఆమె మొగుడి వైపు చూసింది. అతను చూపు తిప్పేసుకున్నాడు.

“వాడికి ఇబ్బంది లేకుండా చూశానండి మేడమ్,” అంటున్నాడు జగన్నాథరావు. “నీరసంగా ఉన్నాడు కదా. తిరుగుడు పనులు పెట్టలేదు. సాయంత్రం నుంచి ట్రెజరీ గార్డు రాశాను. ఒకచోట కూర్చుని ఉండటమే. ఎండా వానా లేదు. పక్కన మనిషి కూడా ఉండడు, ప్రశాంతం. రైఫిల్ పట్టుకుని కుర్చీలో కూర్చుంటే తెల్లారిపోద్ది.”

పోలీసు శాఖలో దీన్ని తేలిక డ్యూటీ అంటారు. జబ్బు చేసి లేచినవాడికీ, ఇంట్లో చావు జరిగినవాడికీ, కాలు విరిగి కట్టు విప్పుకున్నవాడికీ మన రైటర్లు దయతలిచి వేసే డ్యూటీ ఇదే. కాలు విరిగినవాడికి అది మంచిదే.

జనవరికి పద్దెనిమిది. నూట యాభై ఆరు, చాల్లే. డ్యూటీలో ఉండి పోయిన జయపాల్. నిలబడిన ఆ ఇల్లు. రామతులసికి ఒక్కొక్కటీ కాదు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. టీ గ్లాసు కిటికీలో పెట్టి, వచ్చి, ప్రిస్కిల్లా కుర్చీకి ఎదురుగా నేల మీద కూర్చుండిపోయింది.

“మేడమ్ గారూ, ఆయన చేతికి తుపాకి ఇవ్వకండి.”

“తులసీ,” అన్నాడు సత్యప్రసాద్.

“నన్ను చెప్పనివ్వండి బావగారూ. కామెర్లు లేవండి, ఏమీ లేవు. ఇరవై రోజులు కూడా కాదు, ఇరవై ఆరు. హారతి అనే పిల్ల శవాన్ని మోసుకొచ్చిన రోజు నుంచి ఈయన మంచం మీదే ఉన్నాడు. నిన్నటిదాకా నాతో మాటల్లేవు. ఇవాళ లేచి గడ్డం గీసుకుని, కూతురు పోలీసు ఉద్యోగానికి సరిపోతుందో లేదో ఎత్తు కొలిచాడు. డ్యూటీలో ఉండి పోతే పిల్లకి ఉద్యోగం వస్తుందని మొన్న ఈయనకి చెప్పారు. డ్యూటీలో చేరడానికి లేవలేదండి ఈయన. దేనికి లేచాడో నేను నోటితో అనలేను.”

ఇరవై ఆరు అన్న మాట ఆమె నోట్లోంచి రాగానే జగన్నాథరావు మొహం పాలిపోయింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

“దానికి భయం మేడమ్,” అన్నాడు వెంకటరాజు. అతని గొంతు చాలా మామూలుగా ఉంది. “ఇన్నాళ్ళూ మంచం పక్కన కూర్చుని కూర్చుని దానికే ఆరోగ్యం చెడింది. ఏదేదో ఊహించుకుంటోంది. డ్యూటీ నేను అడిగిందా? రైటరు గారు వేశారు. ఏది వేస్తే అది చేస్తాం. నా మంచి చూసే వేశారు. అంతేగా రైటరు గారూ?”

జగన్నాథరావు తల ఊపితే సరిపోయేది. తల ఊపితే రామతులసి మాటలు భయంతో అన్నవైపోతాయి. ఇరవై ఆరు కూడా అందులోనే కలిసిపోతుంది. ఐదు నెలల సర్వీసు నిక్షేపంగా గడిచిపోతుంది. ఇదంతా ఆయనకి తెలుసు. ముప్ఫై ఆరేళ్ళు రికార్డులు రాసినవాడికి ఏ మాట ఎక్కడ తేలుతుందో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఆయన తల ఊపలేదు.

“రైటరు గారూ,” అంది ప్రిస్కిల్లా.

“నేను వేయలేదు మేడమ్,” అన్నాడు జగన్నాథరావు. “పొద్దుట ఆరింటికి వాడే ఫోన్ చేశాడు. డ్యూటీలో చేరతాను, కాకపోతే ట్రెజరీ గార్డుకే వేయండి అన్నాడు. ఒంటరిగా ఉండే పాయింటు కావాలన్నాడు. చెల్లెమ్మకి నేనే చెప్తాను, మీరు చెప్పకండి అన్నాడు. పద్దెనిమిదేళ్ళు నా కింద చేశాడండి. ఎండలో వేశాను, వానలో వేశాను, శవాల దగ్గరికి పంపాను. ఇది కావాలని ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. మొదటిసారి అడిగాడు కదా అని సంతోషపడ్డాను.”

ఆయన లేచి నిలబడ్డాడు.

“ఆ ఆరు రోజులూ కోర్టు డ్యూటీ అని తప్పు రాసింది కూడా నేనే మేడమ్. రాసుకోండి.”

సత్యప్రసాద్ బల్ల మీది కామెర్ల కాయితాన్ని తీసి గుప్పిట్లో నలిపేశాడు. తమ్ముడి వైపు అడుగు వేశాడు గానీ ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. “ఒరేయ్ రాజూ, ఇదేంట్రా,” అన్నాడు.

ప్రిస్కిల్లా రైటరుకి కూర్చోమని సైగ చేసింది. సంచీలోంచి ఒక ఫారం తీసి మోకాలి మీద పెట్టుకుని రాసింది. పేరు, నంబరు, స్టేషను, తేదీ. జబ్బు అన్న గడి దగ్గర ఆగకుండా నిజం రాసింది. రాసినంతసేపూ రామతులసి నేల మీదే కూర్చుని ఆ పెన్ను వంక చూస్తోంది.

“ఇదిగో సిక్ పాస్‌పోర్ట్. మిమ్మల్ని నేనే స్వయంగా ఆస్పత్రికి తీసుకెళ్తాను. ఇప్పుడే. మీ ఆవిడ కూడా వస్తుంది. కింద సంతకం మాత్రం మీరే పెట్టాలి వెంకటరాజు గారూ.”

వెంకటరాజు ఫారం అందుకున్నాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాడు. పెన్ను తీసుకున్నాడు. ఇంటిల్లిపాదీ ఆ చేతి వైపే చూస్తున్నారు.

పెన్ను కాయితానికి ఆనించి, అతను తలెత్తాడు. ఇందాకటి మామూలు గొంతు కాదిది. ఇరవై ఆరు రోజుల నుంచి రామతులసి వినాలనీ, వినకూడదనీ కూడా అనుకున్న గొంతు.

“ఇది పెట్టేస్తే మేడమ్, నాకేమన్నా అయినా మా అమ్మాయికి ఇంక ఉద్యోగం రాదు కదా?”

ప్రిస్కిల్లా జవాబు చెప్పబోయి ఆగింది. ఆవిడ చూపు అతన్ని దాటి వంటింటి గుమ్మం వైపు వెళ్ళింది. అక్కడ హర్షిత నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో, ఎంత విన్నదో, వెనక్కి తిరిగి ఆ పిల్ల మొహం చూసేదాకా వెంకటరాజుకి తెలియలేదు.